తొక్కు జాడీలో తోట

నాచారంలో సీసా మూతలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో ఇరవై మూడేళ్లుగా పనిచేస్తున్నాను. దగ్గుమందు సీసాల మూతలు, గోళీల డబ్బాల మూతలు, కొబ్బరినూనె డబ్బాల మూతలు. నా పని వాటిని చేయడం కాదు, నమ్మకపోవడం. మిషన్ నుంచి వచ్చిన ప్రతి లాట్‌లో కొన్ని మూతలు తీసుకుని, నీళ్లు నింపిన సీసాలకు బిగించి, వాటిని ఒక కాగితం మీద తలకిందులుగా నిలబెడతాను. కాగితం తడిస్తే లాట్ వాపసు. తడవకపోతే మళ్లీ ఇంకోసారి నిలబెడతాను. అనుమానం లేనివాడికి ఈ ఉద్యోగం ఇవ్వరు. ఉన్నవాడికి ఇస్తే ఆ అనుమానాన్ని ఇంటికి కూడా తెచ్చుకుంటాడు. గ్యాస్ పొయ్యి కట్టేశామా అని మెట్లు దిగి మళ్లీ ఎక్కి చూసేవాడిని మీరు ఎక్కడైనా చూసి ఉంటే, ఆయన నేను కాకపోయినా మా డిపార్ట్‌మెంట్ అయి ఉంటాడు.

దీనికి తోడు నాకు ముక్కు మీద కోపం. ఈ రెండింటినీ భరిస్తున్నది నా భార్య. మేనమామ కూతురు. చిన్నప్పుడు బావా అని పిలిచింది, పెళ్లయి పాతికేళ్లు దాటినా అదే పిలుపు. మా కూతురు పెళ్లయి నాగోల్‌లో ఉంటుంది కాబట్టి ఇంట్లో మేమిద్దరమే. ఇల్లు రెండో అంతస్తులో. లిఫ్ట్ లేదు. ఇంట్లో ఏది ఎవరిదని ఎప్పుడూ పంచుకోలేదు గానీ, టీవీ రిమోట్ నాది, బాల్కనీ ఆమెది.

ఆ బాల్కనీలో పద్నాలుగు కుండీలుండేవి. కుండీలంటే అన్నీ కుండీలు కావు, సగం పెయింట్ డబ్బాలే. చామంతి, నాటు గులాబీ, మల్లె, కనకాంబరం, లిల్లీ. శనివారం సాయంత్రం పూలు కోసి, తడిగుడ్డలో చుట్టి, ఆదివారం పొద్దున మా చర్చిలో బల్ల మీదున్న ఇత్తడి కూజాలో పెట్టేది. ఎవరూ అప్పగించిన పని కాదు. ఆరేళ్లుగా తనంతట తానే చేస్తోంది. మిగతా ఆడవాళ్లు పాటలు పాడతారు, సాక్ష్యాలు చెబుతారు. ఈమె నలుగురిలో నోరు తెరవదు. ఒకసారి పాస్టరమ్మ పాట పాడమంటే, "నాకు పాడరాదమ్మా, నేను గివి పెడ్త," అని పూలు చూపించింది.

పోయిన వానాకాలం ఆమెకు డెంగ్యూ వచ్చింది. మొదట మామూలు జ్వరమనుకుని గోళీ వేసుకుని పడుకుంది. మూడో రోజు మంచం మీద నుంచి లేవలేకపోయింది. ఉప్పల్‌లో ఒక దవాఖానాలో చేర్పించాం. పొద్దునా సాయంత్రం రక్తం తీసి, ప్లేట్‌లెట్లు ఎన్నున్నాయో ఒక చీటీ మీద రాసి నా చేతికిచ్చేవారు. ఆ అంకె ప్రతిసారీ ముందటి దానికంటే తక్కువగా ఉండేది. నా పనిలో అంకె సరిగా లేకపోతే సరుకు వాపసు పంపుతాను. ఇక్కడ ఎవరికి వాపసు పంపాలో తెలియలేదు. నర్సు మీద అరిచాను, క్యాంటీన్ వాడి మీద అరిచాను, ఆమె పక్కన కూర్చున్నప్పుడు మాత్రం ఏం కాదు ఏం కాదు అంటూ ఉన్నాను.

దవాఖానాలో చేరాక నాలుగో రోజు, ఆమె బట్టలు తీసుకుపోదామని నేను ఇంటికి వచ్చేసరికి దోమల మందు కొట్టేవాళ్లు మా బిల్డింగ్‌లో తిరుగుతున్నారు. ఒకాయన మా బాల్కనీలోకి వచ్చి, కుండీ కింద పెట్టిన ప్లేటులోకి టార్చి కొట్టి చూశాడు. నిలిచిన నీళ్లలో సన్నటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

"గిక్కడ్నే పుడ్తున్నయ్ అన్న," అన్నాడు. "ప్లేట్ల నీళ్లు ఎప్పటికప్పుడు పారబోస్తె సాలు. సీసా మూతల నీళ్లున్నా గుడ్లు పెడ్తయ్ ఇవి."

నీళ్లు పారబోస్తే చాలని ఆయన స్పష్టంగానే చెప్పాడు. నా బుర్ర "గిక్కడ్నే పుడ్తున్నయ్" దగ్గరే ఆగిపోయింది. గంటలో పద్నాలుగు కుండీలూ కిందికి దించి చెత్త ఆటోలో వేశాను. చామంతులు మొగ్గ మీదున్నాయి. ఆటో అతను, "మంచి చెట్లు అన్నా, ఎవలకన్న ఇయ్యరాదు," అన్నాడు. నీ పని నువ్వు చూసుకో అన్నాను. చేతులు కడుక్కుని, బట్టల సంచీ తీసుకుని దవాఖానాకు పోయాను. ఏదో ఘనకార్యం చేసినట్టు ఆ పూట అన్నం కూడా బాగా తిన్నాను.

దేవుని దయ వల్ల ఆమె కోలుకుంది. తొమ్మిదో రోజు ఇంటికి వచ్చాం. చెప్పులు విడిచి, కూర్చోకుండా నేరుగా వెళ్లి బాల్కనీ తలుపు తీసింది. నేల మీద పద్నాలుగు గుండ్రటి మరకలు తప్ప ఏమీ లేవు. చాలాసేపు చూసింది.

"దోమలు పుట్టినయ్. తీసేసిన," అన్నాను.

"మంచిది," అని తలుపు వేసింది.

మా ఇంట్లో జగడం కొత్తేమీ కాదు. ఉప్పు ఎక్కువైందని మొదలుపెట్టి పాతికేళ్ల కిందటి మా పెళ్లి భోజనాల దాకా వెళ్లగలం. ఆమె అరిచి ఉంటే నేనూ అరిచేవాడిని, రెండు రోజుల్లో చల్లబడేవాళ్లం. కానీ "మంచిది" అన్న మాటకు ఎదురుమాట నా దగ్గర లేదు. ఆ తర్వాత ఆమె ఆ తలుపు బట్టలు ఆరేయడానికి తప్ప తీయలేదు. చర్చిలో ఇత్తడి కూజాలోకి ప్లాస్టిక్ పూలు వచ్చాయి. పాస్టరమ్మ అడిగితే, "కుండీలు లేవమ్మా ఇప్పుడు," అంది గానీ నా మొగుడు పారేశాడని చెప్పలేదు. నేను రెండు వరుసల వెనక కూర్చుని ఆ ప్లాస్టిక్ గులాబీలను చూస్తూ ప్రసంగం వినేవాడిని. ప్రసంగం దేని గురించైనా సరే, నా గురించే అనిపించేది.

సంగతి తెలిసిన రోజున మా కూతురు ఫోన్‌లో, "ఎలుక మీద కోపంతోని ఇల్లు తగలబెట్టుకునుడంటె గిదే నాన్నా. అమ్మకు సారీ చెప్పు," అంది.

"ఎందుకు చెప్పాలె? మీ అమ్మ పానం కోసమే చేసిన," అన్నాను.

ఆ మాటను నేను గట్టిగా నమ్మాను. అయినా ఒకరోజు భోజనం దగ్గర, కొత్త కుండీలు తెద్దామా అని అడిగాను. ఆమె పప్పు వడ్డిస్తూనే, "ఎందుకు బావా, మల్ల పారేస్తవ్," అంది. కోపం లేదు ఆ గొంతులో. వాన పడేలా ఉంది బట్టలు తీయాలి అన్నంత మామూలుగా అంది. ఈ ఇంట్లో తను నాటింది ఏదీ నిలవదని ఆమె తేల్చుకుంది. ఆ నమ్మకాన్ని మార్చకపోతే మిగిలిన కాలమంతా ఆమె నా ఇంట్లో అద్దెకున్నట్టు ఉంటుందని నాకు అర్థమైంది. మార్చడం ఎలాగో మాత్రం తెలియలేదు. సారీ అనే మాట ఒకటుందని కూతురు చెప్పింది గానీ, అంత తేలిక దారి నాకు నచ్చదు.

అలాంటి రోజుల్లో కంపెనీలో లంచ్ చేస్తూ ఫోన్‌లో ఒక వీడియో చూశాను. ఒకాయన గాజు సీసాలో అడుగున రాళ్లు, వాటి మీద బొగ్గు, దాని మీద మట్టి పోసి, నాచూ చిన్న చిన్న మొక్కలూ పెట్టి, మూత బిగించేశాడు. టెర్రేరియం అట. లోపలి నీరే ఆవిరై, గాజుకు పట్టి, మళ్లీ మట్టిలోకి దిగుతుందట. నెలల తరబడి నీళ్లు పోయనక్కరలేదు. మూత తీయనక్కరలేదు. నేను తింటున్న చేయి ఆపాను. తోట ఉంటుంది, కానీ దోమ దూరదు. పైగా మూత కూడా ఉంది! ఈ భూమ్మీద ఈ కళను ఎవరికోసమైనా కనిపెట్టి ఉంటే నాకోసమే కనిపెట్టారనుకున్నాను.

సీసా కోసం ఎక్కువ వెతకలేదు. వంటింట్లో పై అరలో వెడల్పు మూతి గాజు జాడీ ఉంది. అందులో ఆ ఏడాది మామిడికాయ తొక్కు ఉంది. ఆమె కూరగాయలకు పోయినప్పుడు ఆ తొక్కును స్టీలు డబ్బాలోకి మార్చి, జాడీని మూడుసార్లు సబ్బుతో, రెండుసార్లు నిమ్మకాయతో కడిగాను. అడగాలని తట్టలేదు. అడగకుండా పద్నాలుగు పారేసినవాడికి పదిహేనోది తీసుకునేటప్పుడు కూడా తట్టలేదంటే, నా బుర్ర ఎంత గట్టి సరుకో చూడండి.

బొగ్గుకు మా వీధి చివర ఇస్త్రీ చేసే అన్న దగ్గరికి వెళ్లాను. ఇంకా బొగ్గుల పెట్టెతోనే ఇస్త్రీ చేస్తాడు.

"నాలుగు బొగ్గులియ్యి అన్నా," అన్నాను.

"పండ్లు తోముకుంటరా సార్?"

"కాదు. తోటకు."

ఆయన నన్ను కింది నుంచి పైకి చూసి, ఒక కాగితంలో బొగ్గులు పొట్లం కట్టి ఇచ్చాడు. "మేడమ్ తబియత్ ఇప్పుడు మంచిగున్నదా?" అని అడిగాడు. నిజానికి నా తబియత్ గురించి అడగబోయి మర్యాదకు మార్చాడని నా అనుమానం.

నాచు మా కంపెనీ వెనక గోడకు బాగా పట్టి ఉంటుంది. లంచ్‌లో చెంచాతో గోడ గీకుతుంటే వాచ్‌మన్ వచ్చి, ఏం పోయింది సార్ అని అడిగాడు. ఏమీ పోలేదు, వెళ్లి నీ గేటు చూసుకో అన్నాను. పైపు పగుల్లోంచి మొలిచిన చిన్న ఫెర్న్ మొక్కలు రెండు పీకి, టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. ఆ సాయంత్రం ఆమె టిఫిన్ డబ్బా కడగడానికి తెరిచి, లోపల మట్టీ నాచూ చూసి, మూత పెట్టి పక్కన పెట్టింది. ఏంటని అడగలేదు. ఇంతకుముందు అయితే ఆ ఒక్క డబ్బా మీద గంట సేపు క్లాసు తీసుకునేది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక హాల్లో నేల మీద పేపర్ పరుచుకుని కూర్చున్నాను. రాళ్లు, బొగ్గు, ఉల్లిగడ్డల సంచీ జాలీ ముక్క, మట్టి, నాచు, ఫెర్న్ మొక్కలు. ఒక మూల ఇంత మనీప్లాంట్ తీగ. నిజం చెప్పాలంటే బాగానే వచ్చింది. వానకు తడిసిన చిన్న గుట్టలా ఉంది. ఆమె తలుపు దగ్గర నిలబడి చూస్తోందని వీపు మీద తెలుస్తోంది. మూత బిగించాను. ఇక్కడితో ఆగి ఉంటే ఈ కథ వేరేలా ఉండేది.

కానీ ఇరవై మూడేళ్ల అలవాటు. మూత బిగించిన చేతులు వాటంతట అవే తరువాతి పని చేసేశాయి. జాడీని ఎత్తి, పేపర్ మీద తలకిందులుగా నిలబెట్టాను.

"ఏం జేస్తున్నవ్ బావా?" అంది ఆమె.

"లీక్ టెస్ట్," అన్నాను.

ఆ మాట నోట్లోంచి వచ్చాకే ఏం చేశానో అర్థమైంది. లోపల రాళ్లు బొగ్గు మీద పడ్డాయి, బొగ్గు మట్టి మీద పడింది, మట్టి నాచు మీద పడింది, అన్నీ కలిసి మూతలోకి చేరాయి. ఫెర్న్ మొక్క ఒకటి వేళ్లు పైకి పెట్టి గాజుకు అతుక్కుంది. గబుక్కున తిరగేశాను. దాంతో మిగిలింది కూడా కూలిపోయింది. పేపర్ మాత్రం తడవలేదు. మూత పాస్.

ఆమె పెదవులు ఒక్క క్షణం కదిలాయి. నవ్వబోయి ఆపుకుందో, తిట్టబోయి ఆపుకుందో తెలియలేదు. అంతలో ఆమె చూపు జాడీ మీద నిలిచింది.

"గిది తొక్కు జాడీ గదా. తొక్కేది?"

"స్టీలు డబ్బల వెట్టిన."

"స్టీలు డబ్బల తొక్కు పెడ్తరా ఎవలన్న?" అని వంటింట్లోకి పోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో నాకు ఆ మధ్యాహ్నం తెలిసింది. డబ్బా గోడలు అప్పటికే నల్లబడ్డాయి. ఆ ఏడాది మేం పక్కింటి తొక్కు తిన్నాం.

తరువాతి ఆదివారం మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి తిరగేయకూడదని చేతి మీద పెన్నుతో రాసుకున్నాను. మొండితనం నాకు పుట్టుకతో వచ్చింది, తెలివి మాత్రం అప్పుడప్పుడు వచ్చి పోతుంది. రెండో తోటకు అందం కోసం ఒక చెరువు కూడా పెట్టాను. చెరువంటే మా కంపెనీ గోళీల డబ్బా మూతే. వెల్లకిలా పాతి, చుట్టూ చిన్న రాళ్లు పేర్చాను. కుళాయి నీళ్లలో మందు ఉంటుంది, మొక్కలకు వాన నీళ్లే మంచివని వీడియోలో చెప్పారు. అందుకని డాబా మీద ఒక బకెట్ పెట్టి వాన నీళ్లు పట్టాను. ఐదారు రోజులు నిలవ ఉంచిన నీళ్లు. ఆ నీళ్లతోనే చెరువు నింపి, మూత బిగించి, జాడీని కిటికీ దగ్గర పెట్టాను.

మూత బిగించాక తీయకూడదు. ఈ కళలో ఉన్నది ఒక్కటే నియమం, అది నావల్ల కాలేదు. మొదటి రోజు గాజుకు ఆవిరి పట్టి లోపల ఏమీ కనబడలేదు. ఏమవుతోందో చూడకపోతే ఎట్లా? మూత తీసి గుడ్డతో తుడిచాను. తుడిచాక లోపల పొడిబారిందేమోనని అనుమానం వచ్చి, బకెట్ నీళ్లు చిలకరించాను. చిలకరించాక మళ్లీ ఆవిరి పట్టింది. మళ్లీ తుడిచాను. వాసన కూడా పీల్చి చూశాను. అడవి వాసన రావాలి, వెల్లుల్లి వాసన వచ్చింది. పొద్దున డ్యూటీకి పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి. పొయ్యి మీద అన్నం పెట్టి నిమిషానికోసారి మూత తీసి చూస్తే అన్నం ఉడకదని ఆమె కొత్త పెళ్లికూతురిగా ఉన్నప్పుడు మా అమ్మ చెప్పేది. ఆ పాఠం ఆమెకు ఒంటబట్టింది, పక్కనే ఉన్న నాకు పట్టలేదు.

ఒకరోజు ఇంటికి వచ్చేసరికి జాడీ కిటికీ దగ్గర లేదు. సంచీ కూడా దించకుండా ఇల్లంతా వెతికాను. చూస్తే లోపలి అల్మారా పక్కన, నీడలో ఉంది.

"ఎండల వెడ్తె గాజుల ఉడుకుతయ్ అవి," అంది ఆమె వంటింట్లోంచి, నావైపు చూడకుండానే.

అంతే అన్నది. కానీ మూడు నెలల తర్వాత ఆమె ఒక మొక్క గురించి మాట్లాడింది. ఆ రోజు నేను జాడీ మూత తీయలేదు. సంతోషం ఎక్కువై మరిచిపోయాను.

మరుసటి ఆదివారం మా కూతురు వచ్చింది. నేను జాడీ తెచ్చి, పెళ్లిచూపుల్లో పిల్లను తెచ్చినట్టు కూతురి ముందు పెట్టాను. చూడు, నెలల తరబడి నీళ్లు పోయనక్కరలేదు, చీమ కూడా దూరదు అని చెప్పడం మొదలుపెట్టాను. అది వంగి చూసింది. ఇంకా దగ్గరికి వంగింది.

"నాన్నా, లోపల ఏదో ఎగురుతుంది," అంది.

కళ్లజోడు పెట్టుకుని చూశాను. గాజుకు లోపలివైపు రెండు దోమలు కూర్చుని ఉన్నాయి. కాళ్ల మీద తెల్లటి చారలు. ఇంకొకటి ఫెర్న్ ఆకు మీద ఉంది. కింద నేను ముద్దుగా కట్టిన చెరువులో, మా కంపెనీ మూతలో, నేను పాస్ చేసిన మూతలో, సన్నటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

ఇంటికి దోమలు రాకూడదని ఒక తోటను పారేసి, ఆ దోమలకే గాజు మేడ కట్టి, చెరువు తవ్వించి, వాన నీళ్లు పోసి, రోజుకు రెండుసార్లు బాగోగులు చూసుకున్న మహానుభావుడిని నేను. నా ముఖం ఏ రంగుకు మారిందో తెలియదు. జాడీని రెండు చేతులా ఎత్తుకుని తలుపు వైపు నడిచాను. కింద చెత్తడబ్బాలో వేస్తే గానీ శాంతి లేదు. తలుపు దగ్గర ఆమె నిలబడి ఉంది. జాడీలోకి చూసింది. నా ముఖంలోకి చూసింది. నవ్వడం మొదలుపెట్టింది. కొంగు నోట్లో కుక్కుకుంది, ఆగలేదు. అక్కడే గడప మీద కూలబడి, కళ్లలోంచి నీళ్లు కారేదాకా నవ్వింది. కూతురు కూడా మొదలుపెట్టింది. నేను దోమలనెత్తుకుని మధ్యలో నిలబడ్డాను.

"యాడికి తీస్కపోతున్నవ్?" అంది ఆమె చివరకు.

"పారేస్త."

"ఆగు. కింద పెట్టు." చేయి చాచి జాడీని పట్టుకుంది. "మూత తీయకు. లోపల్నే సస్తయ్. నువ్వే గదా పాస్ చేసినవ్ మూతను."

జాడీని కింద పెట్టాను. పారేయకుండా ఏదైనా కింద పెట్టడం నాకు కొత్త. చేతులు ఏం చేసుకోవాలో తెలియలేదు.

సాయంత్రం కూతురిని ఉప్పల్‌లో మెట్రో ఎక్కించి వచ్చాను. ఆమె హాల్లో నేల మీద కూర్చుని, జాడీని ఎదురుగా పెట్టుకుని చూస్తోంది. నేనూ వెళ్లి కూర్చున్నాను. లోపల దోమలు గాజు మీదే ఉన్నాయి. ఎందుకు నోరు తెరిచానో ఇప్పటికీ చెప్పలేను. బహుశా ఆమె నవ్వు చూశాక, ఇక పోవడానికి పరువు కూడా మిగల్లేదు కాబట్టి కావచ్చు.

"దవాఖానల చీటీ మీద అంకె రోజూ తక్కువైతుండె," అన్నాను. "నాకేం జెయ్యాల్నో తెల్వలే. నువ్వు పోతవని భయమైంది. ఇంటికొస్తె కుండీలు కనవడ్డయ్. వాటి మీద పడ్డ."

ఈ మాట అప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. నాకు నేను కూడా చెప్పుకోలేదు. ఆమె నావైపు తిరగలేదు. వేలితో గాజు మీద మెల్లగా రాసింది.

"నేనింటికొచ్చిననాడు తలుపు తీసి సూసిన గదా బావా," అంది. "ఒక్క కుండీ లేదు. నేనేమనుకున్ననో తెలుసా? నేనింక బతకనని డాక్టర్ నీకు చెప్పి ఉంటడు. నేను లేకపోతె ఇవి ఎవలు సూస్తరని, ముందుగాలనే నావన్ని సర్దేసినవ్ అనుకున్న. ఇన్ని దినాలు గట్లనే అనుకున్న."

నేను ఆమెను ఎలాగైనా ఇంటికి తెచ్చుకోవాలని ఆ రోజు మెట్లు ఎక్కీ దిగీ ఆ పని చేశాను. ఇల్లు చేరిన మనిషి మాత్రం, తను చచ్చిపోతుందని మొగుడు ఇల్లు ఖాళీ చేసుకున్నాడని అనుకుంది. అనుకుని, "మంచిది" అని, వంట చేసిపెట్టి, నా బట్టలు ఉతికి, మూడు నెలలు నా పక్కన తిరిగింది. ఒక్క మాట నేను ముందే చెప్పి ఉంటే సరిపోయేది. నాకు ఏడుపు వచ్చింది. దాచుకోవడానికి చూశాను, చేతకాలేదు.

"తప్పయింది," అన్నాను. "నన్ను క్షమించు."

ఆ మాట మా ఇంట్లో ప్రార్థనలో తప్ప ఎప్పుడూ వాడలేదు. ఆమె కొంగుతో తన కళ్లు తుడుచుకుంది, తరువాత అదే కొంగుతో నా ముఖం కూడా, చిన్నపిల్లాడికి ముక్కు తుడిచినంత గట్టిగా తుడిచింది.

"శుక్రవారం సెలవు పెట్టు," అంది. "నర్సరీకి పోవాలె. జ్వరమొచ్చిన కాంచి నాకు మోకాళ్లల్ల బలం లేదు, మెట్లెక్కి నేను మొయ్యలేను."

"ఎన్ని తెద్దాం?" అన్నాను.

"ఎన్నో నేను సూస్కుంట. నువ్వు మొయ్యి."

సరే అన్నాను.